వాకిలి లేని బురుజు

టక్. టక్. టక్.

మూడుసార్లు మోగి ఆగితే అది రెండో అంతస్తు రోజీనవ్వ పేక. కలిపిన ముక్కల అంచులు సమంగా రావడానికి కట్టను బల్లకేసి మూడుసార్లు తట్టడం ఆవిడ అలవాటు. నాలుగోది కూడా వినిపిస్తే, అది గోడ.

ఎషాతి మెట్ల మలుపులో ఆగి, ఊపిరి బిగబట్టి విన్నది. మూడే. ఆ తరవాత వాన. నాలుగు రోజులుగా ఫ్రాన్సులోని ఈ మార్సెయ్ ఊరి మీద తెరిపి లేకుండా కురుస్తున్న వాన, మెట్లగది పైనున్న అద్దాల కప్పును వేళ్ళతో తడుముతోంది. చీకట్లో ఎవరో అగ్గిపెట్టె వెతుక్కుంటున్నట్టుంది ఆ చప్పుడు.

మధ్యాహ్నం మూడూ నలభై. నాలుగున్నరకి బడి వదులుతారు. అప్పటికి ఎషాతి ఒక సంగతి తేల్చుకోవాలి. కూతురు నదీఫాను ఈ రాత్రి ఈ ఇంటికి తీసుకురావాలా, వద్దా.

రెండో అంతస్తు గుమ్మం పక్కన గోడ మీద ఆ పగులు ఉంది. మెట్ల దగ్గర మొదలై, ఏటవాలుగా పైకి పాకి, సీలింగు దగ్గర కనిపించకుండా పోతుంది. సెప్టెంబరులో బిల్డింగు చూసుకునే ఆఫీసు నుంచి ఒక మనిషి వచ్చి, పగులుకు అడ్డంగా అరచేతి వెడల్పున ప్లాస్టరు పట్టీ వేసి, మీద పెన్సిలుతో తేదీ రాశాడు. దాన్ని సాక్షి అంటారు. గోడ కదిలితే ముందు సాక్షి పగులుతుంది. పగిలిన రోజు ఫోన్ చెయ్యండి, మున్సిపాలిటీ ఇంజినీరు వస్తాడు, పగలకుండా ఊరికే ఎవరినీ తిప్పకండి, అని చెప్పి గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

ఎషాతి రోజూ పొద్దున బడి వంటశాలలో పనికి వెళ్ళేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి ఆ పట్టీని చూస్తుంది. ఇవాళా చూసింది. చెక్కు చెదరలేదు. తెల్లగా, నున్నగా, నిద్రపోతున్న మొహంలా ఉంది.

మరి నాలుగో అంతస్తులో తన తలుపు ఎందుకు బిగుసుకుపోతోంది? పోయిన వారం చేత్తో తోస్తే తెరుచుకునేది. మొన్న భుజంతో తోసింది. ఇవాళ పనినుంచి వచ్చి కాలితో తన్నితే గాని రాలేదు. వంటగది బల్ల మీద నారింజపండు పెడితే తనంతట తానే కిటికీవైపు దొర్లిపోతోంది. నదీఫాకి అదొక ఆట. "అమ్మా, ఇల్లు వొంగి చూస్తోంది!" అని చప్పట్లు కొడుతుంది.

ఊరి చివర అక్క ఇంటికి వెళ్ళిపోవచ్చు. అక్కడ రెండు గదుల్లో ఏడుగురు. అయినా సర్దుకోవచ్చు. కానీ ఇంజినీరు ఉత్తర్వు లేకుండా సొంతంగా ఇల్లు వదిలితే, వదిలేసినట్టే లెక్క అన్నారు ఆఫీసువాళ్ళు. తరవాత మున్సిపాలిటీ ఇల్లు చూపించదు. ఉత్తర్వు రావాలంటే సాక్షి పగలాలి. సాక్షి పగల్లేదు. అంటే పగిలింది తన బుర్రేనా?

"ఎంతసేపు నించుంటావక్కడ? తలుపు తొయ్యి పిల్లా, తాళం లేదు. గట్టిగా తొయ్యి, అది కూడా నాలాగే ముసల్దయిపోయింది," అని లోపల్నించి కేక వచ్చింది.

రోజీన్ గస్తాల్దికి డెబ్బై ఎనిమిదేళ్ళు. మనిషి పిడికెడే గానీ గొంతు రేవులో ఓడ కూతలా ఉంటుంది. వంటగదిలో నూనె వాసన, తడిసిన ఉన్ని వాసన. బల్ల మీద ఒక పక్క వేయించిన పానీస్ ముక్కలు, ఇంకో పక్క జోస్యం చెప్పే టారో పేక.

"తిను. శనగపిండే. పంది లేదు, పాపం లేదు. కావాలంటే మీ అమ్మకి నేనే ఫోన్ చేసి చెబుతా."

"మా అమ్మకి నేను పేక ముందు కూర్చున్నానని తెలిస్తే చాలవ్వా. తిండి సంగతి తరవాత."

"మరెందుకొచ్చావు?"

ఎషాతి కుర్చీ అంచున కూర్చుంది. "ఇంకెవర్ని అడగను? ఆఫీసువాళ్ళు గోడని చూడమంటారు. గోడ బాగానే ఉందంటుంది. నాకేమో రాత్రి మంచం కింద ఎవరో ఎముకలు విరుచుకుంటున్నట్టు వినిపిస్తోంది."

రోజీనవ్వ పానీస్ మీద ఉప్పు చల్లింది. అంతకుముందే చల్లిన సంగతి మరిచిపోయి, మళ్ళీ చల్లింది.

ఈ వీధిలో ఆవిడ చేత పేక చెప్పించుకోని ఆడది లేదు. నదీఫా ఆవిడని కోకో అంటుంది. ఎషాతివాళ్ళ కొమొరో దీవుల్లో అమ్మమ్మని అలాగే పిలుస్తారు. ఆవిడకి ఆ పిలుపు నచ్చి, ఆ పిల్ల కోసం డబ్బా నిండా నారింజపూల బిస్కట్లు దాచి ఉంచుతుంది.

ఆ పేక రోజీన్‌కి వాళ్ళ అమ్మ ఇచ్చింది. అమ్మ కతరీనా ఇటలీ నుంచి వచ్చి, ఈ ఊరి కార్డుల కార్ఖానాలో రంగులద్దే పనిలో చేరింది. పల్చటి రేకులో బొమ్మ ఆకారం కత్తిరించి, దాన్ని కాగితం మీద పరిచి, పైన కుంచెతో అద్దాలి. ఎరుపుకి ఒక రేకు, నీలానికి ఒక రేకు. రేకు వెంట్రుకవాసి జరిగినా రంగు గీత దాటిపోతుంది. అలా చెడిన కాగితాలను పనివాళ్ళు ఇంటికి పట్టుకుపోవచ్చు. రోజీన్ పేక అలాంటి చెడిన కాగితాల్లోంచి వచ్చిందే. రాజుగారి బుగ్గ ఎరుపు చెవి మీద ఉంటుంది. చంద్రుడు తన గీతలోంచి సగం బయటికి వచ్చి ఉంటాడు.

పద్నాలుగేళ్ళకి రోజీన్ కూడా అదే కార్ఖానాలో చేరింది. మూడు కాగితాలను మైదా జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటించి, ముక్కకి మందం తెచ్చే బల్ల దగ్గర పని. కార్ఖానా మూతపడ్డాక పేక చెప్పడం మొదలుపెట్టింది. జిగురు మాత్రం ఆవిడని వదల్లేదు. ఏ ముక్కకైనా మూల చిరిగితే, మడత పడితే, అది వెనకనుంచే తెలిసిపోతుంది. తెలిసిపోయిన ముక్క ఇక నిజం చెప్పదు. అందుకని చిన్న సీసాలో మైదా జిగురు ఎప్పుడూ కాచి ఉంచుతుంది. అందులో చాక్‌పొడి కలిపి, చిరుగు మీద బొటనవేలితో రాసి, ఇస్త్రీపెట్టె కింద పెడుతుంది. తెల్లారేసరికి ఏమీ జరగనట్టే ఉంటుంది ముక్క.

పేక చెప్పడం మొదలుపెట్టిన మొదటి ఏడాదే ఒక చేపలమ్మాయి వచ్చింది. కొత్తగా పెళ్ళయిన పిల్ల. బురుజు కూలుతున్న బొమ్మ ముక్క పడింది. అప్పటికి రోజీన్‌కి ముప్పై దాటాయి, ముక్కు సూటి మనిషి. "నీ ఇల్లు కూలుతుంది," అని చెప్పేసింది. ఆ పిల్ల తిండి మానేసింది. ఏడాదిపాటు ప్రతి మంగళవారం వచ్చి మెట్ల కింద నిలబడేది, పైకి రాకుండా, మాట్లాడకుండా. ఆ పిల్ల ఇంటికి ఏమీ కాలేదు. మొగుడు బాగానే ఉన్నాడు, పిల్లలు పుట్టారు. ఏమీ జరగలేదు. భయం ఒక్కటే జరిగింది.

ఆ తరవాత రోజీన్ నోటివెంట చెడ్డమాట రాలేదు. బురుజు ముక్క పడితే చెప్పడానికి ఆవిడ దగ్గర ఒక తియ్యటి పాఠం తయారైంది. వీధి వీధంతా దాన్ని విన్నది. మొదటి అంతస్తు దర్జీ అగోప్ దుకాణం మూసుకున్న రోజు కూడా అదే పడిందట. "నీ ఇంటి కప్పు తెరుచుకుంది, విత్తనాలు రాలుతున్నాయి," అన్నదట ఆవిడ. "పన్నెండేళ్ళయింది, ఇంకా మొలకెత్తలేదు," అంటాడు అగోప్, సూది పళ్ళ మధ్య పెట్టుకుని.

"ఎడమ చేత్తో కొయ్యి," అన్నది రోజీనవ్వ.

ఎషాతి కట్టలో పై సగం తీసి కింద పెట్టి పేక కోసింది. అవ్వ పై ముక్క తిప్పింది.

తిప్పి, చెయ్యి దానిమీదే ఉంచేసింది. ఎషాతికి ఆవిడ వేళ్ళే కనిపిస్తున్నాయి. బొటనవేలి గోరులో తెల్లటి పొడి.

"తియ్యి అవ్వా. చూడనీ."

చెయ్యి నెమ్మదిగా పక్కకి జరిగింది. బురుజు.

"అర్థం నన్నడక్కు," అన్నది అవ్వ. ఎవరికైనా ముందు అదే చెబుతుంది. "అందులో ఏముందో నువ్వు చెప్పు. ఉన్నది ఉన్నట్టు."

ఎషాతి బల్ల మీదికి వంగింది. "ఇటుకల బురుజు. పైన కిరీటంలాంటి కప్పు. అది పక్కకి ఒరిగిపోయింది. ఆకాశంలోంచి ఈకలాంటిదేదో వచ్చి తగిలింది. మంటా అది? గాల్లో గుండ్రంగా ఉండలు, ఎర్రవి, నీలివి. కిటికీలు మూడు. తలుపు... తలుపు లేదేంటవ్వా?"

"లేదు. చెక్కినవాడు పెట్టలేదు."

"ఇద్దరు మనుషులు. ఒకడు తలకిందులుగా పడుతున్నాడు. చేతులు నేలకి ఆనబోతున్నాయి. ఇంకొకడు బురుజు వెనకనుంచి సగమే కనిపిస్తున్నాడు. మిగతా సగం లోపలే ఉన్నట్టుంది. కింద ఏదో రాసుంది."

"దేవుడిల్లు అని. పూర్వం దిక్కులేనివాళ్ళకి మంచమిచ్చే చోటుని అలా అనేవాళ్ళట, మా అమ్మ చెప్పేది." అవ్వ గొంతు సవరించుకుంది. రావలసిన పాఠం రావడం మొదలైంది. "భయపడకు. ఈ ఇంటికి వాకిలి లేదు కదా, అందుకే కప్పు తెరుచుకుంది. లోపల ఊపిరాడనివాళ్ళకి గాలి తగిలింది. వీళ్ళు పడ్డం లేదు, చేతుల మీద నడుస్తున్నారు, పండగనాడు పిల్లలు మొగ్గలేసినట్టు. ఆ ఉండలు విత్తనాలు. ఆ ఈక..."

ఆవిడ ఆగింది.

టక్.

పేక బల్ల మీదే ఉంది. ఎవరూ తట్టలేదు.

ఇద్దరూ గోడవైపు చూశారు. అలమరలో గాజు గ్లాసు ఒకటి పక్క గ్లాసుని తాకి సన్నగా మోగి ఊరుకుంది. దూరంగా స్టేషనులోకి రైలు వచ్చిన చప్పుడు. అది కాదు. రైలు చప్పుడు ఇద్దరికీ తెలుసు.

"చెప్పవ్వా. ఆ ఈక?"

అవ్వ ఇంకా గోడనే చూస్తోంది. ఎషాతి మళ్ళీ ముక్కని చూసింది. ఇందాక కనిపించనిది ఇప్పుడు కనిపించింది. పడుతున్న మనిషి గీత ఒకచోట ఉంది, అతని చొక్కా నీలం వెంట్రుకవాసి పక్కన ఉంది. రేకు జరిగినప్పుడు జరిగిన రంగు.

"రంగు బయటికొచ్చేసింది," అన్నది ఎషాతి. "మనిషి ఇంకా రాకముందే రంగు వచ్చేసింది."

రోజీనవ్వ కుర్చీలో వెనక్కి వాలింది. ఆ చిన్న మనిషి ఇంకా చిన్నదైపోయింది.

"ఆ సాక్షి పగిలింది," అన్నది.

"ఎప్పుడు? ఇప్పుడే చూశాగా, బాగానే..."

"మూడు వారాలైంది. సన్నటి గీత. వచ్చేవాళ్ళందరూ గుమ్మంలో దాన్నే చూసి వణుకుతూ లోపలికొచ్చేవాళ్ళు. మొహాలు చూడలేకపోయా. ముక్క చిరిగితే ఏం చేస్తానో అదే చేశా. జిగురులో చాక్‌పొడి కలిపి పూశా. నాలుగు రోజులకి మళ్ళీ విడింది. మళ్ళీ పూశా." గోరులో తెల్లటి పొడిని ఇంకో గోరుతో గీకింది. "ఇవాళ పొద్దున కూడా."

ఎషాతి లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది.

"మూడు వారాలు! నా పిల్ల పైన పడుకుంటోంది అవ్వా! నీ నెత్తిమీద పడుకుంటోంది! నిన్ను కోకో అని పిలుస్తుంది! రోజూ ఆ గోడ ముందు నిలబడి నాకే పిచ్చెక్కిందనుకున్నానే! నువ్వు తలుపు సందులోంచి చూస్తూ కూడా ఒక్క మాట..."

"తిట్టు. తరవాత ఇంకా తిట్టు. ముందు ఇలా రా."

అవ్వ కూరగాయల చాకు తీసుకుంది. రెండో చేత్తో పేకలోంచి ఓ గుప్పెడు ముక్కలు తీసుకుంది. ఇద్దరూ గుమ్మం బయటికి వచ్చారు. ఆవిడ చాకు మొనతో సాక్షి మధ్యలో గీకింది. తడిసిన మైదా ఉండలు ఉండలుగా రాలింది. దాని కింద పట్టీ రెండుగా ఉంది. రెండు ముక్కల మధ్యలో చీకటి.

అవ్వ ఆ చీకట్లోకి ఒక ముక్క దూర్చింది. సులువుగా దిగింది. దాని పక్కన ఇంకొకటి. ఇంకొకటి.

"మొదటి వారం ఒక ముక్క కూడా పట్టేది కాదు," అన్నది. తనలో తను మాట్లాడుకుంటున్నట్టుంది. "మొన్న ఆదివారం రెండు పట్టాయి. నాకు కొలత తెలిసింది ఇదొక్కటే పిల్లా, ముక్క మందం. పొద్దున నాలుగు."

ఇప్పుడు ఏడు దిగాయి. ఏడూ గోడలో నిలబడి ఉన్నాయి, చెవుల్లా. పక్కపక్కన రాజు, చంద్రుడు, నక్షత్రం. చివర బురుజు.

ఎషాతి ఫైర్ స్టేషనుకి ఫోన్ చేసింది. తొందరలో రెండుసార్లు తప్పు నొక్కింది. అవతలి గొంతు చిరునామా అడిగి, వెంటనే బయటికి రండి, ఏమీ తీసుకోకండి అన్నది.

"నీ కోటు," అన్నది అవ్వ.

"పైనుంది. వద్దు."

"నా శాలువా కప్పుకో. పద. నాలుగున్నరైతే పిల్ల బడి గేటు దగ్గర నించుంటుంది." మెట్లు దిగుతూ ఆవిడ ఆయాసంతోనే మాట్లాడుతోంది. "అందరికీ చెప్పాను, ఆ బురుజు ముక్కలోవాళ్ళు చేతుల మీద నడుస్తున్నారని. నలభై ఏళ్ళు అదే పాట. పడుతున్నారే. కళ్ళున్నవాళ్ళకెవరికైనా తెలుస్తుంది, పడుతున్నారు. పడనీ. లోపల లేరు కదా. భయమెయ్యాల్సింది ఆ రెండోవాడిని చూసి. సగం ఇంకా లోపలే ఉన్నాడు వెధవ. ఏం వెతుక్కుంటున్నాడో."

మొదటి అంతస్తులో అగోప్ తలుపు తెరుచుకోలేదు. ఇద్దరూ పిడి పట్టుకుని బయటికి లాగారు.

"ఎవరక్కడ? చొక్కా కుడుతున్నా!"

"చొక్కా పక్కన పడేసి తలుపు తన్నరా!" అని అరిచింది రోజీనవ్వ.

"ఎవరు, రోజీనా? విత్తనాలు మొలిచాయా?"

"మొలిచాయి! కాలితో తన్ను!"

మూడో తన్నుకి తలుపు ఊడి వచ్చింది. అగోప్ మెడలో కొలత టేపుతో, ఒక కాలికి చెప్పుతో బయటపడ్డాడు. ఇద్దరి మొహాలూ చూసి ఇంకేమీ అడగలేదు. మూడో అంతస్తు రెండేళ్ళుగా ఖాళీ. ఇంకెవరూ లేరు.

వీధి తలుపు సగమే తెరుచుకుంది. పక్కకి తిరిగి ఒక్కొక్కరే జారి వానలోకి వచ్చారు.

ఎర్ర బండి అయిదు నిమిషాల్లో వచ్చింది. వీధికి అడ్డంగా పట్టీ కట్టారు. హెల్మెట్లు పెట్టుకున్నవాళ్ళు లోపలికి వెళ్ళి, ఎంతోసేపు ఉండకుండానే బయటికి వచ్చారు. వాళ్ళు గట్టిగా మాట్లాడటం లేదు. నాలుగూ ఇరవై. శాలువా తలమీద కప్పుకుని బడివైపు పరుగెత్తింది.

నదీఫాతో తిరిగొచ్చేసరికి మున్సిపాలిటీ ఇంజినీరు వచ్చి ఉంది. పొట్టి జుట్టు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఎవరూ లోపలికి వెళ్ళకూడదు, ఇవాళ కాదు, రేపూ కాదు, అని చెబుతోంది. ఉత్తర్వు రాస్తామంది. పిల్ల ఉన్నవాళ్ళకి స్టేషను దగ్గర హోటల్లో గది. ఒంటరి ముసలివాళ్ళని ఇంకోచోటికి, సముద్రం వైపు. అగోప్‌ని వాళ్ళ అన్న వచ్చి తీసుకెళ్తాడు.

ఎషాతి కోరుకున్న ఉత్తర్వు అదే. పిల్ల చెయ్యి వదలకుండా తడిసిన గోడకి ఆనుకోబోయి, గోడని తాకకుండానే వెనక్కి వచ్చింది.

"కోకో, మన ఇంటికి దెబ్బ తగిలిందా?" అని అడిగింది నదీఫా.

"తగిలింది తల్లీ. చాన్నాళ్ళైంది," అన్నది రోజీనవ్వ. మోకాళ్ళ మీద వంగి పిల్ల కోటు గుండీ పెట్టింది. శాలువాతో పాటు లాక్కొచ్చిన చేతి సంచిలో మిగిలిన పేక ఉంది. ఏడు ముక్కలు గోడలోనే ఉండిపోయాయి.

అంతలో గొడుగు మనిషి వచ్చాడు, సెప్టెంబరులో సాక్షి వేసినవాడు. ఫోన్లో ఫోటో చూపిస్తూ ఇంజినీరుతో గట్టిగా వాదిస్తున్నాడు. "పోయిన గురువారం నేనే చూశాను మేడం. పట్టీ చెక్కు చెదరలేదు. ఇదిగో, తేదీతో సహా. ఇది ఒక్కరోజులో వచ్చింది, వాన వల్ల."

ఇంజినీరు ఫోటోని దగ్గరికి తీసుకుని చూసింది. నుదురు ముడిపడింది. "ఒక్కరోజులో ఇంత తెరుచుకోదు. నిజంగా ఒక్కరోజులోనే అయితే పక్కన రెండిళ్ళు కూడా ఇప్పుడే ఖాళీ చేయించాలి. నెమ్మదిగా వచ్చిందంటే లెక్క వేరు. ఎప్పటినుంచో తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

రోజీనవ్వ సంచి భుజానికి తగిలించుకుని ముందుకి కదిలింది.

ఎషాతి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇందాకటి కోపం ఎటు పోయిందో ఆమెకే తెలీదు. ఆ చెయ్యి పేక ముక్కంత పల్చగా, చల్లగా ఉంది. చెబితే ఈ ముసలామెని ఏం చేస్తారో. ఆఫీసువాళ్ళు తప్పంతా ఈమె మీదే తోసేస్తారు.

"వద్దవ్వా," అన్నది చెవిలో. "ఎవరూ చూళ్ళేదు. మైదా అంతా రాలిపోయింది. వానకి కొట్టుకుపోయిందనుకుంటారు. అందరం బయటే ఉన్నాంగా. నేను చెప్పను. ఊరుకో."

రోజీనవ్వ ఆగింది. వాన చుక్కలు కనుబొమల మీద నిలిచి ఉన్నాయి. ఎషాతి మొహంలోకి చూసింది, బల్ల మీద తిప్పిన ముక్కని చూసినట్టు, అందులో ఏముందో అదే చూస్తూ. తరవాత చెయ్యి విడిపించుకుంది.

"చాల్లే పిల్లా. ఇప్పుడు నువ్వు కూడా జిగురు పూస్తావా?"